మడి బూట్లు

బూట్లకు మడేమిటి, చోద్యం కాకపోతే, అనుకుంటున్నారు కదూ? మా అత్తగారు బతికుంటే ఆవిడా అదే మాట అని ముక్కున వేలేసుకునేవారు. ఆవిడ రోజుల్లో చెప్పులన్నవి వీధరుగు దాటి లోపలికి రావడానికి వీల్లేదు. అలాంటి ఇంట్లో ఇవాళ ఒక బూట్ల జత గుడ్డసంచీలో కూర్చుని, పుస్తకాల బీరువా పైఅరలో దర్జాగా కాపురం చేస్తోంది. దానికి వీధి మట్టి తగలరాదు. దాన్ని తొడుక్కుని పాల ప్యాకెట్టుకు వెళ్లరాదు, సైకిలెక్కరాదు. మా వారు ఒకనాడు పొరపాటున దాన్ని పెరటి గుమ్మంలో పెడితే ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది.

ఈ మడి కథ చెప్పాలంటే కాస్త చరిత్ర చెప్పాలి. భయపడకండి. రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూ ఉండవు. ఇది కాళ్ల చరిత్ర.

మాది తిరువూరు. 2022 దాకా కృష్ణా జిల్లా, ఆ తరవాత ఎన్టీఆర్ జిల్లా అయింది. ఇంకాస్త ముందుకెళ్తే ఖమ్మం జిల్లా, అంటే తెలంగాణ. చుట్టూ మామిడి తోటలు. ఎండాకాలం వస్తే కాళ్లకింద నేల పెనమే. మా మనవరాలికి పన్నెండేళ్లు. వాళ్లమ్మా నాన్నా ఉద్యోగాల కోసం దూరాన ఉంటే, ఇది మా దగ్గరే ఉండి చదువుకుంటోంది. నిరుడు వేసవి సెలవుల్లో ఎండకు బయటికి పంపలేక, నీడపట్టున ఆడుకునే ఆట కదా అని టేబుల్ టెన్నిస్‌కు పంపించాను. ఊళ్లో ఒక హాల్లో ఒకే ఒక బల్ల. వారం తిరిగేసరికి దానికి ఆ ఆట పిచ్చి పట్టుకుంది. అన్నం కంచం దగ్గర కూడా గరిటె తిప్పి “అమ్మమ్మా, ఇది బ్యాక్‌హ్యాండు” అనేది.

తాతగారికి మనవరాలంటే ప్రాణం. చెప్పుల దుకాణానికి వెళ్లి, ఉన్నవాటిలోకల్లా ఖరీదైన జత కొనుక్కొచ్చారు. గులాబీరంగు, వెనకాల మడమ కింద రెండంగుళాల మెత్త, నడిస్తే స్పాంజి మీద నడిచినట్టే. “టేబుల్ టెన్నిస్‌కేనా ఇవి?” అంటే, “ఆటబూట్లన్నీ ఒకటేనటే, దుకాణం కుర్రాడే చెప్పాడు” అన్నారు.

పదో రోజున పిల్లని ఇద్దరు స్నేహితురాళ్లు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. పక్కకు దూకి బంతి కొట్టబోతే చీలమండ మడతపడిందట. గుమ్మడికాయలా వాచింది. ఎముక విరగలేదు గనక సరిపోయింది. ఆ రాత్రి ఫోనులో మా అమ్మాయి, “అమ్మా, ఆ ఆట మానిపించెయ్యి. ఆడపిల్ల, రేపు కాలికేదైనా అయితే?” అంది.

ఆ మాట వినగానే నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. ఎందుకంటే సరిగ్గా అదే మాట నేను అంతకు యాభై ఏళ్ల కిందట విన్నాను.

1970ల మొదట్లో నేను విజయవాడలో చదువుకునేదాన్ని. కాలేజీలో టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది. చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని, ఉత్తకాళ్లతో ఆడేవాళ్లం. నేను బాగానే ఆడేదాన్ని, ఏమాటకామాటే చెప్పుకోవాలి. పోటీలకు వెళ్లాలంటే తెల్లబూట్లు ఉండాలన్నారు. ఇంటికి ఉత్తరం రాశాను. నాన్న మా అన్నయ్య పాత కాన్వాసు బూట్లు పంపించారు. నాకవి రెండు సైజులు పెద్దవి. ముందువైపు గుడ్డపేలికలు కుక్కి, లేసులు చీలమండ చుట్టూ రెండు చుట్లు తిప్పి కట్టి, సుద్దముక్కతో తెల్లగా రుద్ది వేసుకున్నాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి. నున్నటి గచ్చు మీద మొదటి ఆటలోనే బూటు ఒకవైపు వెళ్లింది, నా పాదం ఇంకోవైపు వెళ్లింది. మూడు వారాలు మంచం. “ఆడపిల్ల, కాలికేదైనా అయితే?” అన్నారు నాన్న. బ్యాటు ఎవరికో ఇచ్చేశాను. నాకు ఆటలు అచ్చిరావని అనుకున్నాను. మనకు జరిగే వాటికి మనమే కారణమనుకోవడం మన ఆడవాళ్లకు అలవాటే కదా!

మనవరాలి కాలికి కట్టు కడుతూంటే మొదటిసారి అనుమానం వచ్చింది. దాని బూట్లు కొత్తవి, సరిపోయినవి, ఖరీదైనవి. నావి పాతవి, పెద్దవి. రెండింటికీ పోలికే లేదు. అయినా ఫలితం ఒకటే. మరి తప్పెక్కడుంది? దాని కాలు కాస్త నెమ్మదించేలోగా నేను పుస్తకాలు తిరగేశాను, తెలిసినవాళ్లని అడిగాను. తెలుసుకున్నది మీకూ చెబుతాను, వినండి.

ముందు ఆట సంగతి. 1880లలో ఇంగ్లాండులో డబ్బున్న వాళ్ల ఇళ్లలో, రాత్రి భోజనాలయ్యాక కాలక్షేపానికి పుట్టింది ఈ ఆట. తిన్న బల్ల మీదే పుస్తకాలు వరసగా నిలబెడితే అదే నెట్టు. చుట్టల పెట్టె మూత బ్యాటు. సీసా బిరడా బంతి. అంటే ఇది వంటింటికి పక్కగదిలో పుట్టిన ఆటన్నమాట. పొడుగు గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు కూడా మగవాళ్లతో సమానంగా ఆడేవారు. 1901 ప్రాంతంలో సెల్యులాయిడ్ బంతి వచ్చింది. తోలు బిగించిన బ్యాట్లకు అది తగిలినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి పింగ్ పాంగ్ అన్న పేరు పెట్టి, 1901లో ఒక కంపెనీ ఆ పేరును సొంతం చేసుకుంది. అంతటితో అది ఇంటింటి పిచ్చి అయిపోయింది. ఆ రోజుల్లో ఈ ఆటకు ప్రత్యేకం బూట్లేమీ లేవు. భోజనానికి ఏం వేసుకుని కూర్చున్నారో వాటితోనే లేచి ఆడేవారు. కాళ్లు కదిలే ఆట కాదది, మణికట్టు కదిలే ఆట.

ఇక బూటు సంగతి. దీని కథ కూడా పొయ్యి దగ్గరే మొదలైంది. రబ్బరు చెట్టు పాలు ఎండాకాలంలో జిగురై కరిగిపోయేవి, చలికాలంలో పెళుసై పగిలిపోయేవి. అలాంటి రబ్బరుతో చెప్పులు చేస్తే మా తిరువూరు మే నెలలో అవి కాలికి పాకంలా అంటుకునేవి. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన ఏళ్ల తరబడి దీంతో కుస్తీ పట్టి, అప్పులపాలై, చివరికి 1839లో గంధకం కలిపిన రబ్బరును వేడిచేస్తే అది గట్టిపడి, సాగే గుణం కూడా నిలుపుకుంటుందని కనిపెట్టాడు. పొరపాటున వేడి పొయ్యి మీద పడేసినప్పుడు ఈ రహస్యం బయటపడిందని చెబుతారు. మాడితే పారేసే వాళ్లమే గాని, మాడినదాన్ని పట్టి పరీక్షగా చూసినవాడే లోకానికి ఉపకారం చేశాడు. పాపం, ఆయన మాత్రం 1860లో అప్పుల్లోనే కన్నుమూశాడు.

ఆ రబ్బరు అడుగు మీద గుడ్డ అతికిస్తే కాన్వాసు బూటు. ఇంగ్లాండులో మొదట సముద్రపు ఒడ్డున ఇసకలో నడవడానికి వాడేవారు. గుడ్డా రబ్బరూ కలిసేచోట ఊడిపోకుండా చుట్టూ ఒక రబ్బరు పట్టీ వేశారు. అది చూస్తే ఓడ పక్కన గీసే గీతలా ఉండేది. ఓడలో అతిగా సరుకు కుక్కి మనుషుల్ని ముంచేస్తున్నారని శామ్యూల్ ప్లిమ్సోల్ అనే పార్లమెంటు సభ్యుడు పోరాడి, 1876లో చట్టం తెప్పించి ఓడల మీద ఆ గీత గీయించాడు. గీత మునిగితే ఓడకు ముప్పు. బూటుకూ అంతే, ఆ పట్టీ దాటి నీళ్లొస్తే కాలు తడుస్తుంది. అందుకని ఇంగ్లీషు వాళ్లు ఆ బూట్లకు ప్లిమ్సోల్స్ అనే పేరు పెట్టేశారు. బరువు ఎంత మొయ్యొచ్చో చెప్పే గీత! ఆ గీత మన ఇళ్లలో కోడళ్లకు కూడా ఒకటి గీయిస్తే బాగుండునని నాకప్పుడప్పుడు అనిపిస్తుంది. అదలా ఉంచండి.

మనదేశానికి ఈ బూట్లు బాగా అలవాటు చేసింది బాటా. 1894లో జ్లిన్ అనే ఊళ్లో (అది తరవాత చెకొస్లోవాకియాలోకి వచ్చింది) తొమాష్, ఆంటొనీన్ అనే అన్నదమ్ములూ వాళ్ల అక్క అన్నా కలిసి ఆ వ్యాపారం పెట్టారు. ఆ అక్క పేరు మనలో ఎంతమందికి తెలుసు? 1931లో ఆ కంపెనీ మనదేశంలో అడుగుపెట్టింది. కలకత్తా దగ్గర దాని పేరుతోనే బాటానగర్ వెలిసింది. ఆ దశాబ్దంలోనే తెల్ల కాన్వాసు బూట్లు బడిపిల్లల డ్రిల్లు పీరియడ్‌లోకి వచ్చేశాయి. తడిగుడ్డతో తుడిచి, సుద్ద పూసి, గోడకి ఆనించి ఆరబెట్టిన బూట్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి.

అయితే ఒకమాట. మనదేశంలో కాలికి ఏం తొడుగుతామన్నది సౌకర్యం విషయం ఎప్పుడూ కాలేదు. అది హోదా విషయం. చెప్పులేసుకుని పెద్దకులాల వీధుల్లోంచి నడవడానికి వీల్లేని మనుషులుండేవారు. చెప్పు కుట్టినవాడే దాన్ని చేత్తో పట్టుకుని నడవాల్సిన రోజులవి. ఆడవాళ్ల సంగతి సరేసరి. మా అమ్మ పెళ్లయి వచ్చాక మామగారెదుట చెప్పులేసుకుని ఎరుగదు. ఇక ఆటకోసం ఆడపిల్లకు బూట్లు కొనడమన్నది ఇంటి జమాఖర్చుల్లో చిట్టచివరి పద్దు. ముందు అన్నయ్యకు కొంటారు. అవి అరిగాక చెల్లెలికి. పాదం కొలత ఎవరడిగారు?

అలాంటి రోజుల్లోనే మన హైదరాబాదులో ఒక పిల్ల పుట్టుకొచ్చింది. పేరు సయీద్ సుల్తానా. హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలిసిన మరుసటి ఏడు, 1949లో, బడికెళ్లే వయసులోనే ఆమె టేబుల్ టెన్నిస్‌లో మహిళల జాతీయ విజేత అయింది. ఒకసారి కాదు, 1954 దాకా వరసగా ఆరేళ్లు ఆ కిరీటం ఆమెదే. తరవాత పాకిస్తాన్ వెళ్లిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే రుమేనియా నుంచి ఏంజెలికా రోజియాను అనే ఆవిడ 1950 నుంచి 1955 దాకా వరసగా ఆరేళ్లు ప్రపంచ విజేత. ఇక్కడ ఆరు, అక్కడ ఆరు. ఈ లెక్క తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. నేను కాలేజీలో బ్యాటు పట్టేనాటికి ఆ హైదరాబాదు పిల్ల పేరు మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, కాలు బెణికినంత మాత్రాన ఆటలు అచ్చిరావనుకునే దాన్ని కాదేమో.

ఆ ఆరేళ్ల మధ్యలోనే ఆట అంతా తలకిందులైంది. అదీ మనదేశంలోనే జరిగింది. 1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో పెట్టారు. జపాను నుంచి హిరోజి సతో అనే సన్నటి, కళ్లజోడు మనిషి వచ్చాడు. ఆయన బ్యాటుకు దళసరి స్పాంజి అతికించి ఉంది. అప్పటిదాకా ఆట అంటే టకటకమనే చప్పుడు. చప్పుడును బట్టే అవతలివాళ్లు ఎంత గట్టిగా కొట్టారో తెలిసేది. ఈయన కొడితే చప్పుడే లేదు. బంతి మాత్రం రయ్యిన వచ్చి పడుతోంది. మహామహులంతా బొక్కబోర్లా పడ్డారు, పురుషుల సింగిల్స్ ఆయన గెలుచుకున్నాడు. మహిళల సింగిల్స్ అక్కడ కూడా రోజియానుదే.

బ్యాటు మారిందని అందరూ చూశారు. కాళ్లు మారాయని చాలామంది గమనించలేదు. బంతికి వేగం వచ్చాక నిలబడ్డచోట నిలబడి ఆడితే కుదరదు. జపాను ఆటగాళ్లు తమ కుడిచేతి దెబ్బనే బల్ల ఈ మూలనుంచి ఆ మూలదాకా వాడేవారు. అందుకోసం కొట్టిన ప్రతిసారీ పక్కకు ఉరికేవారు. బల్ల వెడల్పు అయిదడుగులే, పొడవు తొమ్మిదడుగులు. బంతి బరువు చూస్తే మూడు గ్రాములు కూడా లేదు. కానీ ఆ అయిదడుగుల వెడల్పులోనే ఎడమకీ కుడికీ, కుడికీ ఎడమకీ, గంటకు కొన్ని వందలసార్లు ఒళ్లు బరువంతా ఒక పాదం మీంచి ఇంకో పాదం మీదికి మారుతుంది. భోజనాల బల్ల మీద పుట్టిన మణికట్టు ఆట కాస్తా కాళ్ల ఆట అయిపోయింది.

అప్పుడు పట్టించుకోవలసి వచ్చింది బూటు అడుగుని. జపానులోనే 1949లో కోబే నగరంలో కిహాచిరో ఒనిత్సుకా అనే ఆయన బూట్ల వ్యాపారం పెట్టాడు. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు ఉన్నపళంగా ఆగబోయి జారిపోతున్నారు. ఏం చెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లో, 1951 ప్రాంతంలో, భోజనంలో దోసకాయతో చేసిన ఆక్టోపస్ పచ్చడి వడ్డించారట. ఆక్టోపస్ కాళ్లకుండే గుంటలు గిన్నెకు అంటుకుని ఉండడం చూసి, బూటు అడుక్కి అలాంటి గుంటలు పెట్టాడు. ఆ బూటు నేలను పట్టుకుని ఆగింది. మళ్లీ వంటకమే చూడండి! పొయ్యి దగ్గర రబ్బరు, కంచం దగ్గర పట్టు. వంటింట్లో ఉండేవాళ్లకు బుర్ర ఉండదని ఎవరైనా అంటే ఈ రెండు కథలూ చెప్పండి.

ఇప్పుడు మా మనవరాలి గులాబీ బూట్ల దగ్గరికి వద్దాం. అవి పరుగు బూట్లు. పరుగు ముందుకు పోయే పని. మడమ ముందు నేలను తాకుతుంది. అందుకని మడమ కింద దళసరి మెత్త పెడతారు. 1970లలో పరుగు ఒక పెద్ద మోజై, నురగలాంటి కొత్త మెత్తలు వచ్చాక ఆ మడమలు మరీ ఎత్తయ్యాయి. పరుగెత్తేవాళ్లకు అవి వరమే. కానీ టేబుల్ టెన్నిస్‌లో మడమ నేలకు పెద్దగా ఆననే ఆనదు. మునివేళ్ల వెనకాల పాదం ఉబ్బుగా ఉండే చోట నిలబడి పక్కకు ఉరుకుతారు. ఎత్తుమడమ మెత్తతో పక్కకు ఉరికితే, దిండు మీద నిలబడి గెంతినట్టు. మెత్త ఒకవైపు కుంగుతుంది, చీలమండ అటే ఒరుగుతుంది. ఇదీ మా పిల్ల కాలు మడతపడ్డ వైనం. పాదం కిందనున్నది ఎంత ఎత్తయితే అంత సులువుగా పడతాం. ఎత్తుపీట ఎక్కి అటకమీది జాడీ అందుకున్న ఏ ఇల్లాలికైనా ఇది తెలిసిన శాస్త్రమే.

నా కాన్వాసు బూట్లలో ఎత్తు లేదు, నిజమే. కానీ లోపల పాదం కదిలేంత చోటుంది. బూటు ఆగినా పాదం ఆగలేదు. పైగా ఏళ్ల తరబడి వీధుల్లో అరిగిన అడుగు, దానికి అంటుకున్న దుమ్ము, కింద నున్నటి గచ్చు. రెండు బూట్లకూ తప్పులు వేరు, గొడవ ఒకటే. అవి ఆ ఆటకోసం, ఆ కాలికోసం ఎంచినవి కావు.

ఇక్కడ నేల గురించి కూడా చెప్పాలి. ప్రపంచ పోటీలు జరిగే చోట నేల ఇటుకతోగాని, పింగాణీ పలకలతోగాని, సిమెంటుతోగాని, రాయితోగాని ఉండరాదని అంతర్జాతీయ నియమాల్లో స్పష్టంగా రాశారు. చెక్క ఉండాలి, లేదా దానికోసం తయారైన చాప పరవాలి. మరి మన ఊళ్లల్లో ఉన్నవేమిటి? గచ్చు, బండలు, పింగాణీ పలకలు. అంటే ప్రపంచ విజేతలకు కూడదన్న నేల మీదే మన పిల్లలు అడుగులు నేర్చుకుంటున్నారన్నమాట. నేలను మనం మార్చలేం. నేలకూ పిల్ల మోకాలికీ మధ్యనున్నది ఆ బూటు ఒక్కటే. అందుకే పెద్ద స్టేడియంలో ఆడేవాళ్ల కన్నా, చిన్న ఊళ్లో గచ్చు మీద ఆడే పిల్లకే బూటు ఎక్కువ ముఖ్యమని నేనంటాను.

సరే, ఎలాంటిది కొనాలి? నేను తెలుసుకున్నంతవరకు చెబుతాను, కూరగాయలు ఏరినట్టు ఏరుకోండి. బూటు తేలిగ్గా ఉండాలి, అడుగు పల్చగా, నేలకు దగ్గరగా ఉండాలి. అడుక్కి వాడే రబ్బరు తేనెరంగులో, బెల్లప్పాకం గట్టిపడ్డట్టు ఉండేది మేలు. వేలితో రుద్దితే వేలు పట్టుకోవాలి. నల్లటి గట్టి అడుగు జారుతుంది, చెక్కనేల మీద మచ్చలూ పెడుతుంది. బూటు వంచి చూడండి. వేళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యన కాదు. పక్కలు గట్టిగా పాదాన్ని పట్టుకోవాలి. టేబుల్ టెన్నిస్ కోసమే చేసేవి దొరికితే సరే. దొరక్కపోతే బ్యాడ్మింటనూ, వాలీబాలూ ఆడే లోపలి ఆటల బూట్లు దీనికి దగ్గర చుట్టాలు. పరుగు బూట్లు దూరపు చుట్టాలు కూడా కావు. బయట గట్టినేల మీద ఆడే టెన్నిస్ బూట్లు పేరుకు తోబుట్టువులే గాని, ఈ ఆటకు బరువెక్కువ.

కొనేందుకు సాయంత్రం వెళ్లండి. పొద్దున్నించీ తిరిగాక పాదం కాస్త పొంగుతుంది. ఆటలో వేసుకునే మేజోళ్లు తొడిగే చూడండి. పొడుగు వేలి ముందర బొటనవేలి వెడల్పు మించకుండా కాస్త చోటుండాలి. మడమ లేవకూడదు. “పిల్లలు పెరుగుతారు, ఒక సైజు పెద్దది తీసుకోండమ్మా” అని దుకాణంలో తప్పకుండా అంటారు. పరికిణీ అయితే మడత వేసి కుట్టించవచ్చు. బూటును మడతెయ్యలేం. నా మాట నమ్మండి, ఆ గుడ్డపేలికలు కుక్కిన దాన్ని నేనే. ఇక దుకాణంలో ముందుకు నాలుగడుగులు నడిపించి ఊరుకోకండి. పక్కకు గెంతించండి. అందరూ చూస్తారు, చూడనివ్వండి.

కొన్నాక మడి. ఇదే అసలు రహస్యం. ఆట బూటు వీధిలో తొడగకూడదు. వీధి దుమ్ము అడుక్కి అంటుకుంటే ఎంత మంచి రబ్బరయినా పొడిపిండి చల్లిన పీట మీద అప్పడంలా జారుతుంది. సంచీలో తీసుకెళ్లి, హాలు గుమ్మం దగ్గర తొడుక్కుని, ఆడి, మళ్లీ అక్కడే విప్పాలి. మధ్యమధ్య తడిగుడ్డతో అడుగు తుడవాలి. ఇది తెలిసినప్పుడు మా అత్తగారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆవిడ మడిచీరని ఎవరూ తాకకుండా కర్రతో ఎత్తి పైదండెం మీద ఆరేసేవారు. అంటుకోకూడనిది అంటుకుంటే పనికి రాదనేవారు. ఆవిడ అంటు మనుషుల్ని దూరం పెట్టింది. ఆ మడి పోతే పోయింది, మంచిదే. ఈ మడిలో దూరం పెట్టేది దుమ్మునొక్కదాన్నే.

ఇంకో మార్పు కూడా చెప్పి ముగిస్తాను. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40 అయింది. 2001లో గేము 21 పాయింట్ల నుంచి 11కు తగ్గింది. 2014 నుంచి సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. బంతి మారింది, బ్యాటు మారింది, లెక్క మారింది. హైదరాబాదు మాత్రం మళ్లీ ఒక ఆడపిల్లనిచ్చింది. ఆకుల శ్రీజ 2022లో జాతీయ విజేత అయింది. అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి పదహారు మందిలో నిలిచింది. ఆమె ఆట టీవీలో వస్తున్నప్పుడు అందరూ బ్యాటు చూస్తారు. నేను కాళ్లు చూస్తాను.

ఈ కథంతా ఒక రాత్రి మా అమ్మాయికి ఫోనులో చెప్పాను. నా కాలు బెణికిన సంగతి దానికి అంతకుముందు తెలియదు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “నువ్వు టేబుల్ టెన్నిస్ ఆడేదానివా అమ్మా?” అంది. “ఆడేదాన్నే” అన్నాను. “సరే, సైజు కొలిచి పంపు, నేను ఆర్డరిస్తాను” అంది.

మర్నాడు సాయంత్రం పాత దినపత్రిక నేలమీద పరిచి, మనవరాల్ని నిలబెట్టి, పెన్సిలుతో దాని రెండు పాదాలూ గీశాను. ఎడమది కుడిదానికన్నా కాస్త పొడవు. ఇద్దరం ఆశ్చర్యపోయాం. చాలామందికి అలాగే ఉంటుందట, పెద్దదాన్ని బట్టే కొనాలట. పెన్సిలు కింద పెట్టబోతూంటే అది, “అమ్మమ్మా, నువ్వు నిలబడు” అంది.

“నాకెందుకే, ఈ వయసులో?”

“నిలబడు చెప్తాను.”

నిలబడ్డాను. చీర కుచ్చెళ్లు కాస్త పైకెత్తి పట్టుకున్నాను. అది మోకాళ్ల మీద కూర్చుని, నాలిక బయటపెట్టి, జాగ్రత్తగా గీస్తోంది. డెబ్భై ఏళ్లు దాటాయి నాకు. పట్టీలకూ, మెట్టెలకూ, పారాణికీ నా కాళ్లు పట్టుకున్నవాళ్లున్నారు. ఆటకోసం నా పాదం ఎంత ఉందో కొలిచింది మాత్రం అదే మొదటిసారి.